లాస్ వేగాస్‌లో ఓ 'బూటు' కథ!

పండక్కి ఇంటికొచ్చిన అల్లుళ్ళూ, బావమరుదులూ భోజనాలయ్యాక చాప పరుచుకుని రమ్మీకి కూర్చుంటారు. మీరు వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వాళ్ళ మాటలు వింటూనే ఉంటారు. ఉన్నట్టుండి ఒకాయన "నాకు పద్నాలుగు ముక్కలొచ్చాయి, తప్పు పంచావోయ్!" అంటాడు. ఇంకొకాయన "నాకు పన్నెండేగా వచ్చాయి!" అంటాడు. పంచినాయన నవ్వేసి, ముక్కలన్నీ లాక్కుని మళ్ళీ కలుపుతాడు. అయిదూ పదీ పెట్టి ఆడుకునే ఆటలో అంతకంటే గొడవేముంటుంది చెప్పండి!

మరి ఒక్కో ఆటకి లక్షల రూపాయలు పందెం కాసే చోట అదే తప్పు జరిగితే? "పోనీలే, మళ్ళీ పంచు" అంటే ఓడిపోబోయేవాడు సరేనంటాడు గానీ, గెలవబోయేవాడు ఒప్పుకుంటాడా? అందుకే పేక పంచే చెయ్యి పొరపాటు పడకుండా కాపలా కాయడానికి ఓ పెట్టెను కనిపెట్టారు. ఆ పెట్టె పేరు 'షూ'. అంటే బూటే! ఈ వారం మనం ఆ బూటును చూడ్డానికి అమెరికాలోని లాస్ వేగాస్ వెళ్దాం రండి.

ఎడారిలో దీపాల ఊరు

లాస్ వేగాస్ మనకి బొత్తిగా తెలియని ఊరేం కాదు. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రుల్ని పిల్లలు సరదాగా తిప్పి చూపించే ఊళ్ళలో ఇదొకటి. గ్రాండ్ కాన్యన్, హూవర్ డ్యామ్ చూడాలనుకునేవాళ్ళు చాలామంది ముందు ఇక్కడే దిగుతారు. కాబట్టి ఇవాళ కాకపోతే రేపైనా మీరూ వెళ్ళొచ్చు.

నెవాడా రాష్ట్రంలో, చుట్టూ ఎడారి మధ్య ఉంటుందీ ఊరు. జులైలో ఎండ 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. మన రెంటచింతల గుర్తొస్తుంది! 1931లో ఈ ప్రాంతంలో రెండు పెద్ద సంగతులు జరిగాయి. ఒకటి, జూదాన్ని చట్టబద్ధం చేస్తూ నెవాడా శాసనం చేసింది. రెండోది, దగ్గర్లోనే హూవర్ డ్యామ్ కట్టడం మొదలైంది. ఆ తర్వాత పెరిగిన ఊరే మనం ఇప్పుడు చూస్తున్నది.

విమానం దిగి బయటికి రాకముందే, విమానాశ్రయంలోనే జూదం మిషన్లు గణగణమంటూ మిమ్మల్ని పలకరిస్తాయి. 'స్ట్రిప్' అని పిలిచే పెద్ద వీధి ఆరు కిలోమీటర్లకు పైగా పొడుగు. ఆ వీధిలో నడుస్తుంటే ఈఫిల్ టవర్ నమూనా ఒకచోట, వెనిస్ నగరపు కాలవలూ పడవలూ ఇంకోచోట, పాటకి తగ్గట్టు ఊగే నీళ్ళ ఫౌంటెన్లు మరోచోట కనిపిస్తాయి. అందరూ నిలబడి ఫొటో దిగే 'వెల్‌కమ్' బోర్డు ఉంది చూశారూ, దాన్ని 1959లో రూపొందించింది ఓ మహిళే. ఆవిడ పేరు బెట్టీ విల్లిస్.

హోటల్లోకి అడుగు పెట్టారా, ఇక చూడండి వాళ్ళ తెలివి! గదికి వెళ్ళాలన్నా, భోజనానికి వెళ్ళాలన్నా చాలా హోటళ్ళలో జూదశాల మధ్యనుంచే నడవాలి. కిటికీలు ఉండవు. గోడ గడియారం వెతికినా కనబడదు. పగలో రాత్రో తెలియదు. ఆడేవాళ్ళకి తాగడానికి ఉచితంగా తెచ్చిస్తారు. అత్తగారింటికి వెళ్ళినా అంత మర్యాద దొరకదు. ఆ మర్యాద ఖరీదు ఎంతో తర్వాత లెక్క వేద్దాం.

బల్ల వెనక మనిషి

ముందు ఒక పేకాట బల్ల దగ్గర దూరంగా నిలబడి చూడండి. అర్ధచంద్రాకారంలో బల్ల, పైన పచ్చటి గుడ్డ, వెనక నిలబడి పేక పంచే డీలరు. చాలా చోట్ల డీలర్లు నడుముకి ఏప్రన్ కట్టుకుంటారు. మనం వంటింట్లో చీరకి మరకలు పడకుండా కట్టుకుంటాం. వాళ్ళు జేబులు మూసేయడానికి కట్టుకుంటారు! బల్ల వదిలి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ తట్టి, అరచేతులు తిప్పి చూపిస్తారు. పైన కప్పులో ఉన్న కెమెరాలకు "నా చేతిలో ఏమీ లేదు" అని చెప్పడం అన్నమాట. వెనకాల ఒక పర్యవేక్షకుడు తిరుగుతూనే ఉంటాడు.

ఆ బల్లల వెనక ఇప్పుడు ఎంతోమంది ఆడవాళ్ళు కనిపిస్తారు గానీ, ఈ హక్కు వాళ్ళకి తేలిగ్గా రాలేదు. నెవాడాలోనే రీనో అనే ఊళ్ళో హెరాల్డ్స్ క్లబ్ వాళ్ళు 1930ల చివర్లోనే ఆడవాళ్ళని డీలర్లుగా పెట్టుకున్నారు. లాస్ వేగాస్ స్ట్రిప్ మీద మాత్రం 1970ల దాకా ఆ పని మగవాళ్ళదే. ఇంట్లో అందరికీ సమానంగా వడ్డించే చేతులకి పేకముక్కలు పంచడం రాదనుకున్నారు కాబోలు!

డీలరు ఎంత నేర్పరైనా మనిషే కదా! గంటల తరబడి నిలబడాలి. చుట్టూ గోల, పొగ, ఆడేవాళ్ళ అరుపులు. అలాంటప్పుడు రెండు ముక్కలు అంటుకుని ఒకటిగా వచ్చేయొచ్చు. ఒక ముక్క తిరగబడి అందరికీ కనిపించొచ్చు. ఒకళ్ళకి వెయ్యాల్సింది ఇంకొకళ్ళకి వెయ్యొచ్చు. ఇవి తెలియక జరిగేవి. తెలిసి చేసేవి కూడా ఉన్నాయి. కట్ట అడుగునుంచి ముక్క లాగడం, పై ముక్కని దాచి రెండోది వేయడం లాంటివి. పొరపాటైనా, మోసమైనా చేతిలో కట్ట ఉండటం వల్లే కదా అని, కట్టను చేతిలోంచి తీసి పెట్టెలో పెట్టారు.

ఏమిటీ బూటు?

ఆ పెట్టె పోపులపెట్టె కంటే కొంచెం పొడుగ్గా ఉంటుంది. అడుగు భాగం ముందుకి వాలుగా ఉంటుంది. ముక్కల్ని బోర్లించి అందులో పేరుస్తారు. వాటి వెనకాల బరువైన దిమ్మ ఒకటి ఉండి, ముక్కల్ని ఎప్పుడూ ముందుకు తోస్తూ ఉంటుంది. ముందు పలకకి సన్నటి సందు. డీలరు వేలితో నొక్కి లాగితే ఒక్క ముక్క జారి బయటికొస్తుంది. జంతికల గొట్టంలోంచి పిండి మనం నొక్కినంతే వచ్చినట్టు, ఇందులోంచి ముక్క ఒకటే వస్తుంది. అడుగునుంచి లాగడానికి వీల్లేదు. తర్వాతి ముక్క ఏమిటో తొంగిచూడ్డానికీ వీల్లేదు.

మరి బూటు అని ఎందుకన్నారంటే, ఫ్రెంచివాళ్ళు ఈ పెట్టెని 'సాబో' అంటారు. అంటే కర్రతో చేసిన బూటు. అదే మాట ఇంగ్లీషులో 'షూ' అయింది.

ఈ పెట్టె అమెరికాలో ఊరూరా వ్యాపించడం వెనక ఓ లెక్కల మాస్టారి పుస్తకం కూడా ఉంది. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత అధ్యాపకుడు, అప్పట్లో గదంత ఉండే ఐ.బి.ఎం. కంప్యూటర్ మీద బ్లాక్‌జాక్ ఆటను లెక్కకట్టి 1962లో పుస్తకం వేశాడు. బయటికి వచ్చేసిన ముక్కల్ని గుర్తుపెట్టుకుంటే, కట్టలో మిగిలినవి మనకి అనుకూలమో కాదో చెప్పవచ్చని చూపించాడు. ఒక్క కట్టతో ఆడితే గుర్తుపెట్టుకోవడం సులువు. అందుకని కాసినోల వాళ్ళు నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలు కలిపి ఆడించడం మొదలుపెట్టారు. ఎనిమిది కట్టలంటే 416 ముక్కలు. ఎవరి చేతిలో పడతాయి అవన్నీ? పెట్టె తప్పనిసరి అయింది!

ఏడుసార్లు కలిపితేనే...

పంచడం సరే, కలపడం సంగతో? మనవాళ్ళు రెండుసార్లు అటూ ఇటూ కలిపి, పక్కవాడి చేత కోయించి పంచేస్తారు. నిజానికి అది చాలదట! డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే ఇద్దరు గణితజ్ఞులు, కట్టను రెండు భాగాలు చేసి ఒకదాంట్లోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే దాదాపు ఏడుసార్లు కలపాలని 1992లో తేల్చారు.

బల్ల దగ్గర 416 ముక్కల్ని ఏడేసిసార్లు కలుపుతూ కూర్చుంటే ఆట ఎప్పుడు జరుగుతుంది? ఆట ఆగితే కాసినోకి రాబడి ఆగినట్టే. ఈ పని మిషన్‌తో చేయిస్తే బాగుంటుందని మిన్నెసోటా రాష్ట్రంలో జాన్ బ్రీడింగ్ అనే ఆయనకి తోచింది. ఆయన లారీ నడిపిన మనిషి! 1983లో కంపెనీ పెట్టాడు. మిషన్ కాసినోలోకి అడుగు పెట్టేసరికి 1992 అయింది. మిషన్ కొనమంటే కాసినోలు వెంటనే ఎగబడలేదు. అప్పుడాయన ఏం చేశాడనుకున్నారు? ఆ మిషన్‌తో ఆడే ఓ కొత్త పేకాటని కనిపెట్టి, 1993లో దాన్ని కాసినోలకి ఇచ్చాడు. మిక్సీతో పాటు వంటల పుస్తకం ఇచ్చినట్టు! ఆట నచ్చిన చోటల్లా మిషన్ కూడా వెళ్ళింది.

ఇప్పుడైతే ఈ కలిపే మిషన్లు బల్లలోనే ఇమిడిపోయి ఉంటాయి. డీలరు కట్టను అందులో పెట్టి మూత వేస్తాడు. కాసేపటికి కలిసిన కట్ట పైకి లేచి వస్తుంది. కొన్ని మిషన్లలో లోపల కెమెరా కూడా ఉంటుంది. ముక్కలన్నీ ఉన్నాయో లేదో అదే చూసుకుంటుంది. ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా చెబుతుంది. పెళ్ళి వంటల్లో గరిటెలు లెక్కపెట్టుకునే మనకి ఆ మిషన్ ఒకటి ఇస్తే ఎంత బాగుండు!

అయితే మిషన్ కలిపింది కదా అని గుడ్డిగా నమ్మడానికి లేదు. ఒక తయారీ కంపెనీ తన కొత్త మిషన్‌ని పరీక్షించమని ఇందాక చెప్పిన డయాకోనిస్ గారినే పిలిచింది. ఈయన కథ కూడా వింతే. పద్నాలుగేళ్ళప్పుడు ఇల్లు వదిలి ఓ గారడీ ఆయన వెంట వెళ్ళిపోయి, తర్వాత చదువుకుని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆయన భార్య సూసన్ హోమ్స్ కూడా అక్కడే గణాంకశాస్త్ర ఆచార్యురాలు. వీళ్ళిద్దరూ, జేసన్ ఫుల్మన్ అనే ఇంకొకాయనా కలిసి ఆ మిషన్‌ని పరీక్షించారు.

మిషన్ లోపల మన ఇడ్లీ స్టాండులా పది అరలు ఉన్నాయి. ఒక్కో ముక్కనీ ఏదో ఒక అరలో, అక్కడున్న ముక్కల పైనో కిందో వేస్తుంది. ఆఖరికి అరలన్నీ ఖాళీచేసి ఒక కట్టగా పేరుస్తుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా కలిసినట్టే ఉంది. కానీ అంకెలు కొన్ని వరసగా ఎక్కుతూ, కొన్ని వరసగా దిగుతూ ఉండిపోతున్నాయని వీళ్ళు పసిగట్టారు. బాగా కలిసిన కట్టలో ముక్కల్ని ఒక్కొక్కటే చూపిస్తూ తర్వాతిది ఏమిటో చెప్పమంటే, జ్ఞాపకశక్తి గలవాడు 52లో సగటున నాలుగున్నర దాకా సరిగ్గా చెప్పగలడు. ఈ మిషన్ కలిపిన కట్టలో తొమ్మిదిన్నర చెప్పొచ్చని తేలింది! కంపెనీ వాళ్ళకి ఈ మాట రుచించలేదు గానీ, నిజమేనని ఒప్పుకున్నారు. కట్టను ఒకటికి రెండుసార్లు మిషన్‌లో వేస్తే సరిపోతుందని గణితజ్ఞులు సలహా ఇచ్చారు. ఈ వివరాలతో వాళ్ళ పత్రం 2013లో అచ్చయింది.

లెక్క తెలిసిన బూటు

పాత బూటు ఒక్కో ముక్కనే ఇస్తుంది, అంతే. ఎవరికి వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు. అది డీలరు బాధ్యతే. ఈ బాధ్యత మరీ బరువైన ఆట ఒకటుంది. దాని పేరు బకారా. పెద్ద పెద్ద పందేలు కాసేవాళ్ళకి ఇష్టమైన ఆట. చైనాలోని మకావ్ కాసినోల రాబడిలో సింహభాగం దీన్నుంచే. లాస్ వేగాస్ పెద్ద హోటళ్ళలోనూ దీనికి విడిగా గదులుంటాయి.

ఆట చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. 'ప్లేయర్' అని ఒక పక్క, 'బ్యాంకర్' అని ఒక పక్క. ఏ పక్క గెలుస్తుందో మనం పందెం కాయాలి. రెండు పక్కలకీ రెండేసి ముక్కలు వేస్తారు. ఆసు అంటే ఒకటి. పదీ, బొమ్మ ముక్కలూ సున్నా. మొత్తం పదయినా, పది దాటినా పది తీసేయాలి. అంటే ఏడూ ఎనిమిదీ వస్తే పదిహేను కాదు, అయిదే. తొమ్మిదికి దగ్గరగా ఉన్న పక్క గెలుస్తుంది.

చిక్కంతా మూడో ముక్క దగ్గర! ఏ పక్కకైనా మొదటి రెండు ముక్కలతోనే ఎనిమిదో తొమ్మిదో వస్తే ఆట అక్కడే ఆఖరు. లేకపోతే, ప్లేయర్‌కి అయిదు లోపు ఉంటే మూడోది వెయ్యాలి. ఆరో ఏడో ఉంటే వెయ్యకూడదు. బ్యాంకర్‌కి మాత్రం, ప్లేయర్‌కి మూడో ముక్కగా ఏమొచ్చిందో చూసి వెయ్యాలి. ఉదాహరణకి బ్యాంకర్ దగ్గర మూడు ఉంటే, ప్లేయర్ మూడో ముక్క ఎనిమిది కాకపోతేనే వెయ్యాలి. నాలుగుంటే ఒక లెక్క, అయిదుంటే ఇంకో లెక్క, ఆరుంటే మరో లెక్క. ఆటగాళ్ళు ఎవరూ ఏమీ నిర్ణయించరు. అంతా డీలరు జ్ఞాపకం మీదే నడవాలి.

తెల్లవారుజామున మూడింటికి నిద్రకళ్ళతో ఆ డీలరు ఒక్క ముక్క ఎక్కువ లాగాడనుకోండి. ఆ ముక్క అసలు అవతలి పక్కకో, తర్వాతి ఆటకో పోవాల్సింది. అక్కణ్ణుంచి వరస మొత్తం జరిగిపోతుంది. అల్లికలో ఒక కుట్టు జారితే పై వరసలన్నీ తప్పినట్టే కదా!

దీనికి విరుగుడుగా కొత్త రకం బూటు వచ్చింది. జపాన్‌లో పేకముక్కలు తయారుచేసే ఏంజెల్ కంపెనీ వారి 'ఏంజెల్ ఐ' ఇలాంటిదే. ముక్కల మీద మన కంటికి కనపడని గుర్తులు ముద్రిస్తారు. ముక్క సందులోంచి జారుతున్నప్పుడే పెట్టె ఆ గుర్తును చదివి అదేం ముక్కో తెలుసుకుంటుంది. ఏ పక్క ఎంత వచ్చిందో, ఎవరు గెలిచారో తనే లెక్కకట్టి చూపిస్తుంది. డీలరు చెప్పిందీ పెట్టె చెప్పిందీ కలవకపోతే వెంటనే తెలిసిపోతుంది. ఆట ముగిశాక మరో ముక్క బయటికి రాకుండా సందు దగ్గరే అడ్డం పడే ఏర్పాట్లకి పేటెంట్లు కూడా తీసుకున్నారు. తప్పు జరిగాక దిద్దడం కాదు, అసలు జరగనివ్వకపోవడం అన్నమాట.

పెట్టెను నమ్ముకుంటే...

ఇంత పకడ్బందీగా ఉంటే ఇక గొడవలే ఉండవనుకుంటున్నారా? కాస్త అమెరికా తూర్పు తీరానికి వెళ్దాం. అక్కడ న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ అనే మరో జూదాల ఊరు ఉంది. 2012లో అక్కడ రెండు వింతలు జరిగాయి.

గోల్డెన్ నగ్గెట్ కాసినోలో బకారా బల్ల మీదికి, ముందే కలిపిన ముక్కలని చెప్పి వచ్చిన కట్టలు తెరిచారు. అవి అసలు కలపనే లేదు! ఒకే వరస మళ్ళీ మళ్ళీ వస్తోందని ఆడేవాళ్ళు కనిపెట్టేశారు. పది డాలర్లు కాస్తున్నవాళ్ళు అయిదు వేల దాకా పెంచారు. వరసగా 41 ఆటలు గెలిచారు. 15 లక్షల డాలర్లకు పైగా! పెట్టె ఏ తప్పూ చేయలేదు. ఒక్కో ముక్కనీ బుద్ధిగానే ఇచ్చింది. ముక్కలు కలపలేదన్న సంగతి మాత్రం దానికి తెలియదు. వ్యవహారం కోర్టుకెక్కింది. ముక్కలు కలపకుండా ఆడింది చట్టప్రకారం ఆటే కాదని 2015లో కాసినో పక్షాన తీర్పు వచ్చింది.

రెండోది బోర్గాటా అనే కాసినోలో. ఫిల్ ఐవీ అనే పేరుమోసిన పోకర్ ఆటగాడు, అతనితో కెల్లీ సన్ అనే మహిళ బకారా ఆడారు. ముక్కల వెనక ఉన్న డిజైన్ రెండు అంచుల్లోనూ ఒకేలా లేదని ఆవిడ కన్ను పట్టేసింది. చీరకొంగు నేతలో తేడా మనం పట్టినట్టు! "ఇది నాకు కలిసొచ్చే ముక్క, ఇలా తిప్పి పెట్టు" అని డీలరుని అడిగి, మంచి ముక్కల్ని ఒక దిక్కుకి తిప్పించింది. ఇంకో కోరిక కూడా ఉంది. ముక్కల్ని మిషన్ తోనే కలపాలి! చేత్తో కలిపితే ముక్కలు అటూ ఇటూ తిరిగిపోతాయి. మిషన్ అయితే వరస మారుస్తుంది గానీ దిక్కు మార్చదు. తప్పులు ఆపడానికి తెచ్చిన మిషనే వాళ్ళకి సాయపడింది. గెలిచింది 96 లక్షల డాలర్లు. కాసినో దావా వేస్తే, డబ్బు తిరిగి ఇవ్వాలని 2016లో కోర్టు చెప్పింది. 2020లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి.

తిరిగి లాస్ వేగాస్‌కే వద్దాం. 2023లో అక్కడ జరిగిన కంప్యూటర్ భద్రతా నిపుణుల సదస్సులో ముగ్గురు పరిశోధకులు, కెమెరా ఉన్న ఒక కలిపే మిషన్‌లోకి దాని యు.ఎస్.బి. పోర్టు ద్వారా చొరబడొచ్చని చేసి చూపించారు. లోపలి కెమెరా చూసిన ముక్కల వరస బయట ఒకరి ఫోనుకి చేరిపోయింది. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు, ఇలా మార్చేసిన మిషన్లతో రహస్యంగా పోకర్ ఆడించి డబ్బున్నవాళ్ళని దోచుకున్నారని కొందరిపై అభియోగాలు మోపారు. చెయ్యి మోసం చేస్తుందని మిషన్ తెచ్చుకుంటే, మిషన్ వెనక మళ్ళీ చెయ్యే!

కాపలా ఎవరి డబ్బుకి?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పెట్టె తప్పు పంచదు. మోసం చేయనివ్వదు. బాగానే ఉంది. మరి అందులో మనకి ఒరిగేదేమిటి?

పంపకం న్యాయంగా ఉందంటే గెలుపోటములు సమానమని కాదు. ప్రతి ఆటలోనూ కాసినోకి కొంచెం మొగ్గు ముందే పెట్టి ఉంటుంది. బకారాలో బ్యాంకర్ పక్క కాస్తే సగటున నూటికి ఒక డాలరు ఆరు సెంట్లు, ప్లేయర్ పక్క కాస్తే డాలరు ఇరవైనాలుగు సెంట్లు కాసినోవి. రెండు పక్కలూ సమానంగా వస్తాయని 'టై' మీద కాస్తే నూటికి పద్నాలుగు డాలర్లకు పైనే! రెండు సున్నాలుండే రౌలెట్ చక్రం మీద నూటికి అయిదుంబావు.

ఇంటి పద్దు రాసినట్టు రాసి చూద్దాం. ఆటకి పది డాలర్లు, గంటకి 70 ఆటలు అనుకోండి. గంటలో మనం కాసింది 700 డాలర్లు. బ్యాంకర్ మీద కాస్తూ పోతే సగటున ఏడున్నర డాలర్లు పోతాయి. టై మీద కాస్తూ పోతే వంద డాలర్లు! ఒక రోజు గెలవొచ్చు, ఒక రోజు ఓడొచ్చు. కానీ ఆడే కొద్దీ లెక్క ఇటే వాలుతుంది.

కలిపే మిషన్ వచ్చాక ఏమైందో చూడండి. కలపడానికి ఆగే పని తగ్గింది. గంటకి 70 ఆటలు 100 అయ్యాయనుకుంటే, పోయేదీ ఆ మేరకు పెరిగినట్టే. కొన్ని మిషన్లయితే అయిపోయిన ముక్కల్ని ఎప్పటికప్పుడు మింగి కలుపుతూనే ఉంటాయి. ఆట ఆగదు. డీలరు ఆగి ముక్కలు కలుపుకునే ఆ రెండు నిమిషాల్లోనే కదా మనిషి వాచీ చూసుకుని "ఇక లేద్దాం" అనుకునేది! తప్పుల్ని ఆపిన మిషన్ ఆ విరామాన్ని కూడా ఆపేసింది. ఇందాకటి ఉచిత మర్యాదల ఖర్చంతా ఇక్కడే రాబట్టుకుంటారు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అని తీసిపారేయకండి. మన దేశంలో గోవాలో, మాండవీ నది పడవల మీద ఇవే బల్లలున్నాయి. మనవాళ్ళు సరదాగా వెళ్ళి వస్తూనే ఉన్నారు. ఇక ఇంట్లోనే సెల్‌ఫోన్‌లో డబ్బుపెట్టి ఆడే రమ్మీ ఎన్ని సంసారాల్ని అప్పులపాలు చేసిందో మనకి తెలుసు. దాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. ఫోనులో కలిపే చెయ్యీ కనబడదు, పంచే పెట్టే కనబడదు. "మా దగ్గర మోసం లేదు" అని ఎవరైనా అంటే, "మోసం లేకపోయినా మీ వాటా ఎంత?" అని అడగమని మీవాళ్ళకి చెప్పండి. పిల్లలకి వడ్డీ లెక్కలు నేర్పినట్టే ఈ లెక్కా నేర్పండి.

మీరు వెళ్తే...

* జూదం ఆడే చోట 21 ఏళ్ళు నిండనివాళ్ళు నిలబడకూడదు. మనవల్ని తీసుకెళ్తే ఆగకుండా నడిచి దాటేయాలి. వయసు తెలిపే గుర్తింపుపత్రం దగ్గరుంచుకోండి.

* బల్లల దగ్గర ఫొటో తీయాలంటే ముందు అడగండి. డబ్బు డీలరు చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి.

* బయట ఎండ మండినా లోపల ఏ.సి. చలి వణికిస్తుంది. చేతిసంచిలో శాలువా, నీళ్ళ సీసా ఉంచుకోండి.

* హోటల్ గది అద్దె చౌకగా కనిపిస్తే మురిసిపోకండి. 'రిసార్ట్ ఫీజు' అని రోజుకింత అదనంగా కలుపుతారు. ముందే అడిగి తెలుసుకోండి.

* పైసా ఖర్చు లేకుండా చూడదగ్గవి: బెలాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు, లోపల ఋతువుని బట్టి మార్చే పూలతోట. మిరాజ్ హోటల్ ముందుండే అగ్నిపర్వతం మాత్రం 2024తో ఆగిపోయింది. దానికోసం వెతక్కండి.

* పాత కాసినోల దీపాల బోర్డులన్నీ భద్రపరిచిన నియాన్ మ్యూజియం చూడదగ్గది. టికెట్టు ఉంటుంది.

* హూవర్ డ్యామ్ దాదాపు 55 కిలోమీటర్లే. గ్రాండ్ కాన్యన్ పడమటి అంచు రెండున్నర గంటల దారి. అందరూ చెప్పుకునే దక్షిణపు అంచు నాలుగైదు గంటలు. రెండూ ఒకటే అనుకుని టికెట్లు కొనకండి.

* సరదాకి ఆడాలనిపిస్తే ఇరవై డాలర్లు విడిగా తీసి, సినిమా టికెట్టు ఖర్చు కింద రాసుకోండి. మిగిలిన డబ్బు గదిలోనే వదిలి వెళ్ళండి. అది అయిపోగానే లేచి, పంచే పెట్టెను ఓ పది నిమిషాలు తీరిగ్గా చూడండి. చూడ్డానికి డబ్బు తీసుకోరు!